గిన్నెల బీరువాలో అత్తమ్మ గ్లాసు

దయ్యాల మాటెత్తితే ముందు నవ్వేది నేనే. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక చింతచెట్టు మీద దయ్యముందని పిల్లలంతా చుట్టు తిరిగి బడికి పోయేవాళ్ళు. నేను మాత్రం దాని కిందే కూర్చొని చింతకాయలు ఏరుకునేదాన్ని. పోటీకి ఎవరూ రారు కాబట్టి ఒడినిండా దొరికేవి.

పెళ్ళయి చండూరు వచ్చాక కూడా నా బుద్ధి మారలేదు. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన తర్వాతైనా నమ్ముతున్నావా అంటే, లేదనే అంటాను. కానీ ఆ రోజు మా వంటింట్లో జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది నేతపని కుటుంబం. మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మగ్గం మీద కూర్చునేది నేను. మేము నేసేవి పట్టు చీరలు. చీర మీద పువ్వు కావాలంటే ముందే పట్టుకు ముడులు కట్టి రంగులో ముంచాలి. ముడి ఉన్న చోట రంగు అంటదు. ఆ ముడులనే మేము చిటికిలు అంటాం. చిటికి కట్టడంలో మా వాడ మొత్తంలో మా అత్తమ్మకు సాటి లేదు.

పట్టు చాలా సుకుమారం. వేలి కొసన చిన్న పగులు ఉన్నా చాలు, దారం అక్కడ తట్టుకుని పోగు లేస్తుంది. అంట్లు తోమే చేతులకు పగుళ్ళు తప్పవు. అందులోనూ మా బోరు నీళ్ళు. ఆరిన గిన్నె మీద తెల్లటి మరకలు కట్టే నీళ్ళు చర్మాన్ని ఊరికే వదులుతాయా?

అందుకే నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తమ్మ ఒక మాట తేల్చేసింది. "అంట్ల కాడికి రాకు బిడ్డా. నీ చేతులు పట్టు నేసెతందుకు ఉండనీ. చిటికి కట్టెతందుకు నా గరుకు చేతులే మంచివి, ముడి జారది."

అత్తల మీద చెప్పుకోవడానికి మా అక్కచెల్లెళ్ళందరికీ బోలెడు కథలున్నాయి. నాకు ఒక్కటీ లేదు. వాళ్ళు కలిసినప్పుడల్లా నేను నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చేది.

ఆమె అంట్లు తోమే తీరు చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది దానితోనే ముడిపడి ఉంది. పెరట్లో పీట వేసుకుని, కొబ్బరి పీచు, బూడిద పక్కన పెట్టుకునేది. ఇత్తడికి మాత్రం చింతపండు. తోమినవన్నీ ఒకే పద్ధతిలో బోర్లించేది. మధ్యలో చెంబు, దాని చుట్టూ గ్లాసులు, కోడి చుట్టూ పిల్లల్లాగా. చెంబును ఆనుకుని ఆమె సొంత ఇత్తడి గ్లాసు. ఇన్నేళ్ళలో ఆ వరస తప్పగా నేను చూడలేదు.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. పీట మీద కూర్చుంటే లేవడం కష్టమైంది. నేను తోముతానంటే ఒప్పుకునేది కాదు. అప్పుడే మా ఆయన ఏదో మోటారు పని మీద నార్కట్‌పల్లి పోయి, ట్రాలీ ఆటోలో ఒక పెట్టె వేసుకుని వచ్చాడు. పాత ఫ్రిజ్జేమో అనుకున్నాను. హైవే పక్కన మూతపడ్డ హోటల్ వాళ్ళు సామాను అమ్ముతుంటే తెచ్చాడట. పరదేశంలో తయారైన పాతకాలపు డిష్‌వాషర్. తెల్లటి తలుపు మీద అక్కడక్కడా పెచ్చులూడి ఉన్నాయి. ముందు ఒక గుండ్రటి నాబు, తిప్పితే గడియారంలా టిక్కుటిక్కుమంటుంది.

"ఏందయ్యా గిది? ఇంట్ల మనుషులు తిరిగే జాగన్న ఉండాల్నా వద్దా?" అన్నాను.

"జర ఆగు. అమ్మ మోకాళ్ళకు, నీ చేతులకు రెండిటికీ ఇదే మందు," అన్నాడు.

విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. కొత్తది కొనొచ్చు కదా అంటే, కొత్తవాటిలో అంతా ప్లాస్టిక్కేనట, పాతవాటికైతే ఒక స్క్రూడ్రైవరు చాలట. చివరికి అది నడిచిన రోజు వాడలోని ఆడవాళ్ళంతా వచ్చి చూశారు. గిన్నెల బీరువా అని పేరు పెట్టింది వాళ్ళే.

అత్తమ్మకు మాత్రం అది నచ్చలేదు. "దీనికి చేతులు లేవు. మరెట్ల తోముతది?" అని, అందులోంచి తీసిన ప్రతి గిన్నెనూ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసేది. ఒకసారి సబ్బుపొడి పోసే అరలో ఎవరూ చూడకుండా గుప్పెడు బూడిద పోసింది. దాన్ని కడిగి బాగుచేయడానికి మా ఆయనకు ఆ రోజంతా పట్టింది. అయినా కొడుకు ఎదురుగా కూర్చుని, "నీ మిషిన్‌కు బూడిద అరగకపోతే నేనేం జేసేది?" అంది. నవ్వలేక చచ్చాను.

తర్వాత మెల్లగా అలవాటు పడింది. అది నడుస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని ఆ చప్పుడు వినేది. నా చేతులు పట్టుకుని చూసి, "ఉండనీ తియ్యి, మంచిగనే ఉన్నయ్," అనేది. ఇత్తడి గ్లాసును మాత్రం చివరిదాకా అందులో పెట్టనివ్వలేదు. అంతకుముందు ఒక ఇత్తడి గరిటె నల్లగా మారి రావడంతో, అందులో పడితే ఇత్తడి నల్లబడుతుందని ఆమెకు తెలిసిపోయింది. దాన్ని తనే చింతపండుతో తోముకునేది.

మా ఆయనకు ఆ ఒక్కదానితో తనివి తీరలేదు. పాత డిష్‌వాషర్ ఎక్కడుందని తెలిసినా పరుగెత్తేవాడు. హైదరాబాదులో ఇల్లు ఖాళీచేస్తున్న వాళ్ళ దగ్గర పైనుంచి మూత తెరిచేది ఒకటి దొరికింది. మక్తల్ నుంచి ఇంకొకటి తెచ్చాడు, దాని తలుపు లేత ఆకుపచ్చ రంగు. కొందరు మొగుళ్ళు పేకాట ఆడతారు, మా ఆయన అంట్ల మిషిన్లు తెస్తాడు అని సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ వాటి మీద ఇష్టం పుట్టింది. ఆకుపచ్చది పండుగలకు, తెల్లది రోజూ వాడుకోవడానికి.

అత్తమ్మ పోయే ముందు కట్టిన చిటికిలు ఒక్క చీరకు సరిపడా ఉన్నాయి. కొంగు మీద నెమళ్ళు వచ్చేలా కట్టింది. అప్పటికే చూపు ఆనేది కాదు, వేళ్ళతో తడుముకుంటూ కట్టింది. ఆ పట్టు నా ఒళ్ళో పెట్టి, "ఇది ఎవ్వరికీ అమ్మకు బిడ్డా. ఇన్ని చీరలు నేసినవ్, ఒక్కటన్న ఒంటిమీద ఏసుకున్నవా? ఇది నువ్వే కట్టుకోవాలె," అంది. తర్వాత ఎక్కువ రోజులు లేదు. నొప్పీ బాధా లేకుండా, కొడుకు చేతిలో చెయ్యి పెట్టి పోయింది.

ఆ పట్టుకు రంగులు వేయించి, ఆరబెట్టి దాచుకున్నాను. బయటి ఆర్డర్ల మధ్య వీలు చేసుకుని చీర మొదలుపెట్టాను. ఎక్కడైనా పోగు తెగితే, లేస్తే, మళ్ళీ అలా కట్టిచ్చే చెయ్యి లేదు. అదనంగా ఒక్క కండె దారం కూడా లేదు. అందుకే ఆ చీర మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ చేతులను పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాను. అంట్లన్నీ మిషిన్ మీదే వదిలేశాను.

ఆమె ఏడాది, అంటే సంవత్సరీకం నాటికి చీర కొంగు దాకా వచ్చింది. నెమళ్ళు మగ్గం మీద సగం దిగాయి. ఆ రోజు చుట్టాలు వచ్చారు. అత్తమ్మకు కాగితం ప్లేట్లంటే గిట్టదు కాబట్టి అందరికీ స్టీలు పళ్ళాల్లోనే పెట్టాం. ఆమె ఫొటో ముందు ఆమెకిష్టమైనవన్నీ పెట్టి, ఆమె ఇత్తడి గ్లాసులో కల్లు పోశాం. భోజనాలయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మా ఆడబిడ్డను బస్సెక్కించడానికి మా ఆయన నార్కట్‌పల్లి పోయాడు. పోతూ పోతూ, అక్కడ ఒక పాత డిష్‌వాషర్ ఉందట, చూసి వస్తానన్నాడు. తల్లి ఏడాది నాడు కూడా!

ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. తొందరలో అన్నీ తెల్ల మిషిన్లో సర్దేశాను. చూసుకోకుండా ఆ ఇత్తడి గ్లాసు కూడా పెట్టేశాను. అదొక్కటే కాదు. పక్కింటివాళ్ళు నూలు పడుగుకు గంజి పట్టించడానికి మా పెద్ద గిన్నె తీసుకెళ్ళి, అడుగున గంజితోనే తెచ్చి పెట్టారు. అదీ లోపల పెట్టేశాను. నేతవాళ్ళ ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఇలాంటి పొరపాటు జరగదు. వేడినీళ్ళు తగలగానే ఆ గంజి ఉడికి బంకైపోయింది. మిషిన్ కాసేపు మూలిగి ఆగిపోయింది. తలుపు తీసి చూస్తే అడుగున తెల్లటి బంకనీళ్ళు, పైన ఎంగిలి పళ్ళాలు అలాగే.

ప్లగ్గు పీకేశాను. అడుగున నీళ్ళు మగ్గుతో తోడి పారబోశాను. అంతవరకే చేయగలిగాను. ఆకుపచ్చది నడిచే స్థితిలో లేదు, మా ఆయన దాని మోటారు విప్పి పెట్టాడు; పైనుంచి తెరిచేది ఇంకా బాగుకాలేదు. అన్నిటినీ చేత్తో తోమితే మర్నాటికి వేళ్ళు పగులుతాయి. తోమకపోతే ఎంగిలి గిన్నెలు, అదీ ఆమె ఏడాది నాడు. గ్లాసు అప్పటికే నల్లబడి ఉంది. ఏం చేయాలో తోచక దాని వైపు చూస్తుంటే ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాను. మిషిన్ తలుపు మూసి, మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో దిగి కూర్చున్నాను. చేతులు బాగున్నప్పుడే కొంగు ఎంత దిగితే అంత, అంట్లు తర్వాత చూద్దామనుకున్నాను.

మగ్గం ముందుగదిలో ఉంది. లోపలికి ఎవరు రావాలన్నా నన్ను దాటి రావాలి. పెరటి తలుపుకు లోపల గొళ్ళెం పెట్టి ఉంది, తర్వాత చూసినప్పుడూ అలాగే ఉంది. మగ్గం చప్పుడులో వంటింటి అలికిడి వినపడదని ఒప్పుకుంటాను. కానీ నేను గుంటలోంచి లేవలేదు.

పొద్దు వాలుతుండగా మా ఆయన వచ్చాడు. మిషిన్ పాడైందని చెప్పాను. స్క్రూడ్రైవర్ తీసుకుని వంటింట్లోకి పోయాడు. కాసేపటికి అక్కడినుంచే అడిగాడు, "సువర్ణా, అన్నీ తోమినవ్ గదా. మరి మళ్ళ ఇందుల్నే ఎందుకు పెట్టినవ్?"

లేచి వెళ్ళి చూశాను. పళ్ళాలు, గిన్నెలు, గరిటెలు అన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్కదాని మీదా మా బోరు నీళ్ళ తెల్ల మరక లేదు. పై అరలో చెంబు బోర్లించి ఉంది. దాని చుట్టూ గ్లాసులు. చెంబును ఆనుకుని ఇత్తడి గ్లాసు, బంగారంలా పచ్చగా.

నేను పెట్టింది అలా కాదు. గ్లాసులు ఒక వరసలో, చెంబు కింది అరలో పెట్టాను.

"నేను తోమలే," అన్నాను. ఆయన నమ్మలేదు. చేతులు చాపి చూపించాను. పొడిగా ఉన్నాయి, వేళ్ళకు పట్టు నూగు అంటుకుని ఉంది. ప్లగ్గు గోడ పక్కన వేలాడుతోంది. ఆయన మిషిన్ అడుగున నీళ్ళు పోయే జల్లెడ విప్పి బయటికి తీశాడు. దాని నిండా గంజి గట్టిగా బిగుసుకుని ఉంది. అందులోంచి చుక్క నీరు కూడా పోయే వీలు లేదు.

ఆయన గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ ఇచ్చాడు. చింతపండు వాసన.

నాకు భయం వేయలేదు. ఇది చెబితే ఎవరూ నమ్మరు. అలసిపోయి ఇంటికి వస్తే ఎవరో అన్నం వడ్డించి పెట్టినట్టు హాయిగా అనిపించింది. మా ఆయన ఆ గ్లాసు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. తల్లి పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఆ రోజు ఏడ్చాడు.

తర్వాత ఎన్నో ఆలోచించాం. పక్కింటివాళ్ళను అడిగాం, ఎవరూ రాలేదన్నారు. బాధలో నేనే తోమి మరిచిపోయానేమో అని కూడా అనుకున్నాను. కానీ అన్ని అంట్లు తోమిన చేతులు పొడిగా ఎలా ఉంటాయి, మర్నాడు పట్టు మీద అంత నున్నగా ఎలా జారతాయి?

కొద్ది రోజులకు చీర మగ్గం దిగింది. అమ్మలేదు. కట్టుకున్నాను.

ఆ తర్వాత ఒక పిచ్చిపని కూడా చేశాను. ప్లగ్గు పీకి, ఆ గ్లాసులో టీ తాగి, కడగకుండా మిషిన్లో పెట్టి మగ్గం మీద కూర్చున్నాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు. ఎంగిలి గ్లాసు ఎంగిలిగానే ఉంది. మా ఆయనకు దొరికిపోయాను. పడీపడీ నవ్వాడు. "చీర అయిపాయె గదనే. మిషిన్ గూడ బాగైంది. ఇగ అమ్మకేం పని?" అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో నాలుగు మిషిన్లున్నాయి. అన్నీ నడుస్తాయి. ఇత్తడి గ్లాసును మాత్రం నేనే చింతపండుతో తోమి చెంబు పక్కన బోర్లిస్తాను. ఆ ఒక్కదానికి చేతులేం పాడవవు.

ఆ రోజు అవన్నీ ఎవరు తోమారో నాకు ఈనాటికీ తెలియదు. చీర మాత్రం బట్టల బీరువాలో ఉంది. కొంగు మీద నెమళ్ళను ఎన్నిసార్లు తడిమి చూసినా ఎక్కడా ఒక్క పోగు లేచి లేదు.