మా కార్టూన్‌లోకి నర్సమ్మ వచ్చిన దారి

పేపర్లో రోజూ నేను గీసే మూడు గళ్ల కార్టూన్‌లో మొదట ఒక్కతే ఉండేది, నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే అమ్మాయి. కాసేపు కంప్యూటర్‌తో, కాసేపు లిఫ్ట్ అద్దంతో మాట్లాడుకునేది. కొన్నాళ్లు చూసి ఎడిటర్ గారు ఫోన్ చేశారు. "ఎంతకాలమని ఒక్కతే గొణుక్కుంటుందమ్మా? నలుగురు మనుషుల్ని తీసుకురండి."

మనుషులు నాకు లింగంపల్లి స్టేషన్ దగ్గర ఎక్కే షేర్ ఆటోలో దొరికారు. ముఖ్యంగా ఒకావిడ. కొండాపూర్‌లో నర్సు. ఏ కాలమైనా చంకలో గొడుగు ఉండాల్సిందే. ఆటో కదిలేలోపు మా అందరి చున్నీలూ లోపలికి లాగించేవారు. "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగేవారు. ఏమీ లేదంటే బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూసి, "రక్తమే లేదు నీకు. బీట్‌రూట్ తిను" అనేవారు. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆటో డ్రైవర్ కన్ను కూడా లాగి చూశారు. అతను బుద్ధిగా చూపించాడు.

ఆవిడను గొడుగుతో సహా నా కార్టూన్ అమ్మాయికి పక్కింటి నర్సమ్మను చేశాను. కార్టూన్‌లో నర్సమ్మ నేరుగా ఆఫీసుకు వచ్చేసి మేనేజర్ రెప్ప లాగి, "నిద్ర లేదు సారూ నీకు. జర ఇంటికి పోయి పండు, ఈ పిల్లను గూడ పోనియ్యి" అంటుంది. పాఠకులకు అమ్మాయి కన్నా ఆమే నచ్చింది.

ఒకరోజు డ్రైవర్ పక్కన మడిచి ఉన్న పేపరు తీసి ఆవిడ ఆ కార్టూనే చదివారు. ముందు పకపకా నవ్వారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. తనను తానే గుర్తుపట్టేశారనుకున్నాను.

"అచ్చం మా అక్కనే," అన్నారు, బొమ్మ మీద వేలుపెట్టి. "గిట్లనే కన్ను గుంజి చూస్తది. నన్ను నర్సింగ్ సదివించింది ఆమెనే. అమ్మ పోయినప్పుడు సమాధి ఏడ కట్టాల్నన్న కాడ మాట మాట పెరిగింది. ఇగ మాటల్లేవు మాకు."

ఉండబట్టలేక చెప్పాను. "ఆ బొమ్మ వేసింది నేనేనండి."

ఆవిడ నావైపు తిరిగి ఆశ్చర్యంగా చూశారు. "నువ్వా? మా అక్కను ఏడ చూసినవ్?"

"ఎక్కడా చూడలేదండి," అన్నాను. అది నిజమే. ఆ వేలు, ఆ గదమాయింపు అన్నీ ఆవిడ దగ్గర చూసినవే. అవి ఆవిడకు ఎక్కడి నుంచి వచ్చాయో నాకప్పుడే తెలిసింది.

ఆవిడ బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసి చాలాసేపు దానివైపే చూశారు. కొండాపూర్‌లో దిగే ముందు అక్కకు పంపేశారు.

మర్నాడు నన్ను చూడగానే, "ఏమన్నదో ఎర్కేనా? 'ఇది నేనేంది, నువ్వే' అన్నది. లొల్లి వెట్టుకున్నం, గంటసేపు!" అన్నారు. మొహం వెలిగిపోతోంది.

కొన్ని వారాల తర్వాత ఆటోలో ఆవిడ పక్కన తెల్ల జుట్టు పెద్దావిడ కూర్చుని ఉన్నారు. పరిచయం చేసేలోపే బొటనవేలితో నా రెప్ప లాగి చూసి, "మా చెల్లెను మంచిగ గీసినవ్ బిడ్డా," అన్నారు.

"నన్ను కాదక్కా, నిన్ను!"

"నాకు గా గొడుగేడిదే?"

దారి పొడవునా అదే వాదన. దిగాక కూడా ఆగలేదు. చెల్లెలు గొడుగు తెరిచి అక్క నెత్తిన పట్టారు, ఇద్దరూ మాట్లాడుకుంటూనే రోడ్డు దాటారు.

ఆ వారమే కార్టూన్‌లో మా నర్సమ్మకు ఊరి నుంచి అక్క వచ్చింది. వాళ్లిద్దరి మధ్యా మా అమ్మాయికి ఇక మాట్లాడే సందే దొరకడం లేదు.