కొసరు పాటల పెట్టె

నలభై వేల రూపాయల బేరాన్ని ఒక్క మాటతో చెడగొట్టిన మొనగాణ్ణి నేను. అదీ నా సరుకు కాదు, నా డబ్బూ కాదు. పరాయి కొట్లో కూర్చుని ఇంత నష్టం తేగలిగినవాడు మా అరకులోయ బజారులో ఇంకొకడు ఉంటే చూపించండి.

మాది కిరాణా కొట్ల వంశం. అమ్మ, నాన్న, చిన్నాన్నలు, అందరూ తక్కెడ వెనక నిలబడినవాళ్లే. ఇంట్లో నేర్పిన మర్యాద ఒకటే: ఏం కొన్నా కొసరు అడగాలి. అడక్కుండా వస్తే అమ్మ మళ్లీ పంపేది.

రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో మామ క్యాసెట్ల కొట్టు ఉంది. వరసకు మామ కాదు, పిలుపుకు మామ. కావలసిన పాటలు చెబితే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు. చదువుకునే రోజుల్లో నా మొదటి క్యాసెట్ చేతికి రాగానే అలవాటు కొద్దీ అడిగాను.

“కొసరేటీ లేదా మామా?”

“పాటల కొట్లో కొసరేట్రా గుంటడా? ఉల్లిపాయలనుకున్నావేటి?”

అన్నాడే గానీ, క్యాసెట్ వెనక్కి తీసుకున్నాడు. చివర కాస్త టేపు ఖాళీగా మిగిలింది. సంతరోజున డుంబ్రిగుడ ఆడవాళ్లు తన కొట్టు మెట్ల మీద కూర్చుని పాడుకుంటుంటే పట్టిన పాట ఒకటి అందులో ఎక్కించాడు. ఇంటికి పోయి విన్నాను. పాట నడుమ ఎవరో దగ్గారు, ఒక మేక అరిచింది. మురిసిపోయాను, పాట బాగుందని కాదు, ఊరికే వచ్చిందని.

తరువాత సినిమా పాటలు కొన్నవాళ్లకూ, చర్చి పాటలు కొన్నవాళ్లకూ కూడా మామ చివర్లో అలా ఒకటి పెట్టడం మొదలుపెట్టాడు. పట్టిన అసలు టేపులన్నీ ఒక రేకు పెట్టెలో వేసి, మీద ‘కొసరు’ అని పెయింటుతో రాసుకున్నాడు.

మొన్న చలికాలంలో విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. కాఫీ హోటల్ పెడుతున్నాడట, గోడల నిండా పాత క్యాసెట్లూ రికార్డులూ అంటించాలట. టేప్ రికార్డర్లతో సహా కొట్టు మొత్తం కొంటానన్నాడు. మామ అద్దె బాకీపడి ఉన్నాడు. బేరానికి నన్ను కూర్చోబెట్టాడు. ఇరవై ఐదు దగ్గర మొదలైన మనిషిని నలభైకి తెచ్చాను. ఆయన రెండుసార్లు లేచి వెళ్లబోయాడు. రెండుసార్లూ గుమ్మం బయట బూట్లు తొడుక్కునేదాకా ఆగి పిలిచాను.

అప్పుడే, ప్రతి సంతకూ చీపుర్లు తెచ్చే ఒకామె మోపు దించి మెట్టు మీద కూర్చుంది.

“మాయమ్మ పాట ఎయ్యు బావూ. బేగి ఎల్లిపోవాల.”

మామ రేకు పెట్టె తెరిచి టేపు వేశాడు. పాట, దగ్గు, తరువాత మేక. నాకు తెలిసిన మేకే.

“ఆ దగ్గు మాయమ్మదే. మనిసి పోనాది, దగ్గు ఉండిపోనాది” అందామె, ఎవరితోనూ కాదన్నట్టు.

కొనేవాయన పెట్టె వైపు చూశాడు. “నలభై ఖాయం. అయితే ఆ పెట్టె కొసరుగా ఇచ్చేయండి. లోపలివి పారేసి మొక్కలు పెట్టుకుంటాను.”

“మా అల్లుడేటంటే అదే” అని మామ నా వైపు తిరిగాడు.

కొసరు లేదనడం మా వంశంలో లేదు. పోనీ పెట్టె ఒక్కటీ ఉంచుకుందామంటే, అది పాడాలంటే మిషను ఉండాలి. మిషను ఉంటే, ఆమె వచ్చి కూర్చోవడానికి ఆ మెట్టు ఉండాలి.

“కొట్టు అమ్మట్లేదండి” అన్నాను.

ఈసారి ఆయన బూట్లు తొడుక్కున్నా పిలవలేదు.

“నలభై వేలు, అల్లుడూ” అన్నాడు మామ.

“ఏటి సేత్తాం మామా, పోనాయి.”

“పోనాయేటి? నువ్వు తోలీసినావు. అద్దె ఆ మేక కడతాదా?”

ఇక లెక్క. మామకు నా వల్ల పోయింది నలభై వేలు. సరుకు ఇంకా ఆయన దగ్గరే ఉంది కదా అని తగ్గించబోయాను. దాన్ని కొనేవాడు మళ్లీ రాలేదు కాబట్టి తగ్గించలేదు. పాత అద్దె నేను కట్టింది ఎనిమిది వేలు. చెప్పిన ధరకే కొన్న రికార్డులు రెండు వేలు. అవి తిప్పే మిషను మా ఇంట్లో లేదు. రైలు దిగినవాళ్లను లాక్కొచ్చి అమ్మించింది మూడు వేలు. ఇంకా నా మీద ఉన్నది ఇరవై ఏడు వేలు. ఈ లెక్కలో నేను కొసరు అడగలేదు.