శనివారం మధ్యాహ్నపు పచ్చ మొహాలు

మజ్జిగపులుసు కోసం శనగపిండిని ఉండలు కట్టకుండా పెరుగులో కలుపుతున్నప్పుడు గిన్నెలోంచి ఒక పచ్చి వాసన లేస్తుంది. అందరికీ అది వంటింటి వాసన. నాకు మాత్రం మొహాల వాసన. పోపులో ఇంగువా కరివేపాకూ పడి దాన్ని కప్పేసేలోపు, అనకాపల్లిలో మా పాత ఇంటి పెరటి వసారా, దాని చల్లటి గచ్చు, గోడకి జేరబడి వరసగా కూర్చున్న మా ఇంటి ఆడవాళ్లు ఒక్క క్షణం కళ్లముందు మెదిలి వెళ్లిపోతారు.

ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు మాది. ఒక వాటాలో అమ్మ, నాన్న, నేను, నాన్నమ్మ. ఆవిణ్ణి నేను మామ్మా అనేదాన్ని. రెండో వాటాలో నాన్న అక్క సుగుణత్త, మావయ్య ఉండేవారు. పెరడూ, దాని మీదికి తెరుచుకునే వసారా ఉమ్మడి. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు, నాకు పదేళ్లుంటాయి. ఆదివారం చర్చికి వెళ్లే మొహం శనివారం నాడే తయారవ్వాలని అత్త నమ్మకం. వారపత్రికల్లో చదివినవి కొన్ని, తనకు తోచినవి కొన్ని కలిపి మా అందరి మొహాల మీదా ప్రయోగాలు చేసేది.

వానాకాలంలో పెరట్లో బొప్పాయి పండు మెత్తబడితే సగం మా నోళ్లలోకి, సగం చెంపల మీదికి వెళ్లేది. చలికాలంలో మేం తిన్న కమలాపళ్ల తొక్కలన్నీ డాబా మీద చేటలో ఎండి గలగలలాడాక, అత్త వాటిని రోట్లో దంచి, పాత చీర ముక్కలో జల్లించి, ఖాళీ కాఫీపొడి సీసాకి ఎత్తి పెట్టేది. ఎండలు ముదిరితే ఫ్యాన్సీ షాపు నుంచి ముల్తానీ మట్టి, పన్నీరు వచ్చేవి, కళ్ల మీదికి కీరదోస చక్రాలు వచ్చేవి, అవి ఆరకముందే నేను తినేసేదాన్ని. ఏ కాలంలోనైనా తప్పనివి శనగపిండి, మీగడ పెరుగు, చిటికెడు పసుపు. ఒకసారి తేనె అయిపోతే, ఈ ఊళ్లో బెల్లానికేం కరువని అత్త కాస్త పాకం బెల్లం కలిపి రాసింది. కాసేపటికల్లా వసారాలోని చీమలన్నీ మా చెంపల దారి పట్టాయి.

ఎప్పుడూ అమ్మ కలిపేది, అత్త రాసేది. నుదుటి నుంచి మొదలుపెట్టి గడ్డం దాకా చల్లటి వేళ్లతో రాసేశాక, ఎండేదాకా మాట్లాడకూడదు, నవ్వకూడదు, నవ్వితే ముడతలు పడిపోతాయని అత్త శాసనం. పిండి ముందు చల్లగా ఉండేది, తర్వాత చక్కిలిగిలి పెట్టేది, చివరికి ఎవరో లోపలి నుంచి దారంతో లాగుతున్నట్టు బిగిసిపోయేది. కరెంటు పోయిన ఆ మధ్యాహ్నాల్లో కాకుల గోల, ఎండలో ఆరుతున్న వడియాల వాసన, ఎవరికీ ఏ పనీ చెప్పని అమ్మ. నాకు అంతకంటే ఏం కావాలి.

ఒక ఏడాది ఈస్టరు ముందు ఆ శనివారాలు ఆగిపోయాయి. ఈస్టరు తెల్లవారుజామున చర్చిలో ఒంటరిగా పాడే పాట ఒకటుండేది, ఏటేటా అది అత్తే పాడేది. ఆ ఏడు ఆవిడకి గొంతు పట్టేసి ప్రాక్టీసుకి రాలేకపోతే, క్వయర్ పెద్దాయన ఆ పాట అమ్మని పాడమన్నాడు. ఆ సంగతి అత్తకి అమ్మ నోటి నుంచి కాక, చేపలమ్మే ఆవిడ నోటి నుంచి తెలిసింది. పాట పోయినందుకు కాదు ఆవిడ బాధ, అమ్మ తనకి చెప్పనందుకు. ఇద్దరికీ మాటల్లేవు. వాటా నుంచి వాటాకి తిరిగే కూర గిన్నెలు ఆగిపోయాయి. మావయ్య ఉద్యోగం నక్కపల్లిలో, ఇక అక్కడే అద్దె ఇల్లు చూసుకుంటామని అత్త నాన్నతో అంటుంటే విన్నాను. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఈస్టరు ముందు రోజు మధ్యాహ్నం, అప్పటిదాకా మా పిండి వేషాలు చూసి నవ్వడమే తప్ప ఒక్కసారీ రాసుకోని మామ్మ, వసారాలో కూర్చుని ఇద్దర్నీ పిలిచింది.

"రేపు పండగ. నా మొహానికీ పిండి రాయండే. శాంత కలుపుతాది, సుగుణ రాత్తాది. నానొక్కర్తినీ కూకుంటే బాగోదు, మీరూ రాసుకోండి."

శాంత అంటే మా అమ్మ. డెబ్బై దాటిన మనిషి అడిగితే కాదనడం ఎలా? అమ్మ మాట్లాడకుండా కలిపింది, అత్త మాట్లాడకుండా రాసింది. నలుగురం వరసగా కూర్చున్నాం, అమ్మకీ అత్తకీ మధ్య మామ్మ. ఎండేదాకా మాట్లాడకూడదు గనక ఆ మౌనం ఎవరికీ ఇబ్బందిగా లేదు.

పిండి బిగుసుకునే వేళకి పెరటి తలుపు తోసుకుని పాస్టరమ్మగారు వచ్చారు. పండగ ముందు ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేసే పెద్దావిడ, కళ్లకి శుక్లాలు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏటమ్మా ఇది, ఇంటిల్లిపాదికీ పచ్చకామెర్లు వచ్చేసేయేటి?"

మూతి కదిపితే పిండి పగిలేలా ఉంది. మామ్మ చెయ్యెత్తి ఏదో చెప్పబోయింది. అది నీరసం అనుకున్నారావిడ. "మాటా పడిపోయింది తల్లీ," అని అక్కడే నిలబడి, కళ్లు మూసుకుని, గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మొదలయ్యాక ఆపేవాళ్లెవరు? మేమూ కళ్లు మూసుకున్నాం. మా కాలేయాలూ, మా కళ్లూ, మా గోళ్లూ ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్పి, "ప్రభువా, ఈ పచ్చదనాన్ని ఈ మొహాల నుంచి కడిగెయ్యి," అనేసరికి నా పక్కన ఏదో పెళుసుగా విరిగిన చప్పుడైంది. ఓరకంట చూశాను. అత్త చెంప మీది పిండి పెచ్చు ఊడి ఒళ్లో పడింది. అమ్మ భుజాలు ఊగుతున్నాయి. నవ్వు బయటికి రాకుండా అత్త మామ్మ మీదుగా వంగి అమ్మ భుజంలో మొహం దాచుకుంది. అమ్మ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆమేన్ అయ్యాక మామ్మ తీరిగ్గా చెప్పింది. "కామెర్లు కావమ్మా. సెనగపిండి."

పాస్టరమ్మగారు వసారా అంచున కూర్చుని, చీర కొంగుతో చెమట తుడుచుకున్నారు. "అలాగా. నాక్కూడా కాస్త మిగిలిందేటి?"

అమ్మ లేచి గిన్నె అందుకుంది. అత్త ఆవిడ వెనకే లేచింది. "శాంతా, పెరుగు చాలదు. మా ఇంట్లో ఉంది, తెత్తానుండు."

మొహాలు కడుక్కుంటున్నప్పుడు నూతి దగ్గర అమ్మ అంది, "ఆ రోజు చెబుదామనే వచ్చేను వదినా, పడుకున్నావు."

"లేపాలి గానీ," అంది అత్త. ఆ సాయంత్రం చింతచిగురు పప్పు గిన్నె మా వాటాలోకి వచ్చింది.

తెల్లవారుజామున అమ్మ పాడింది. పల్లవి మళ్లీ వచ్చినప్పుడు వెనక వరసలోంచి అత్త బొంగురు గొంతు కలిసింది. ముందు వరసలో పాస్టరమ్మగారి నుదుటి అంచున పసుపు పూర్తిగా వదలక అలాగే మెరుస్తోంది. నక్కపల్లి ఇంటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మావయ్య రిటైరయ్యేదాకా బస్సులోనే తిరిగాడు.

తర్వాత కొన్నేళ్లకు మామ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. పాత ఇల్లు పడగొట్టి, అదే చోట నాన్నా మావయ్యా కలిసి మూడంతస్తులు కట్టించారు. అమ్మ కింద, అత్త పైన. ఇద్దరూ హాయిగానే ఉన్నారు, లిఫ్టులో రోజుకి నాలుగుసార్లు కిందికీ పైకీ తిరుగుతూనే ఉంటారు. గదులు చల్లగా ఉంటాయి, ఎవరి తలుపు వాళ్లకుంది. పనేమీ లేకుండా నలుగురు ఆడవాళ్లు పక్కపక్కన గోడకి జేరబడి కూర్చునే చోటు మాత్రం ప్లానులో ఎవరూ గీయలేదు. కట్టేటప్పుడు అడగాలని నాకూ తోచలేదు.