నాలుగో రూము తలుపు

ఆరేండ్ల సంది ఒక అంకె నా గొంతుల అడ్డం పడి ఉన్నది. మింగుదామంటె దిగదు. కక్కుదామంటె ఎవరి ముందట కక్కాలె?

నాకు రాయ రాదు. అంకెలు వస్తయ్, నా పేరు గీకుడు వస్తది, గంతె. నేను చెప్తున్న, మా గల్లీల మిషన్ కుట్టేటామె రాస్తున్నది. నా పేరు పెట్టొద్దన్న. పెట్టేంత ధైర్యం లేదు, ఆ ముచ్చట ముందుగాలనె ఒప్పుకుంటున్న. చదివేటి నువ్వెవరో నాకు తెల్వదు. తెల్వకపోతేనె మంచిది. తెలిసినోళ్ళయితె అయ్యో పాపం, మొగడు లేనిది అంటరు. ఆ మాట నాకు వద్దు. ఆ మాట చాటునె నేను ఇన్నేండ్లు దాక్కున్న.

మాది మామిడిపల్లి దిక్కు. ఎయిర్‌పోర్టు పక్కన సామాన్ల గోదాములున్నయ్ గద, అండ్ల ఒకదాంట్ల నేను తుడిచే పని చేసిన. మందులు, సూదుల సీసాలు విమానం ఎక్కేదాక ఆడనె ఆగుతయ్. వేడి తగిలితె ఖరాబ్ అయితయట, అందుకె నాలుగు చల్ల రూములు. ముందుగాల మా ఆయన ఆడ డబ్బాలు మోసెటోడు. ఆయన పోయినంక ఆ జాగల నన్ను పెట్టుకున్నరు, దయ తలచి. ఆ దయను ఎన్నడూ మరువనియ్యలె. జర ఆలస్యమైతె సాలు, నీ నౌకరి ఎట్ల వచ్చిందో యాదున్నదా అనెటోళ్ళు.

నాలుగో రూము తలుపంటె నాకు భయం. పనికి కుదిరిన కొత్తల లోపట తుడుస్తుంటె తలుపు మూసుకున్నది. లోపటి దిక్కు ఒక పిడి ఉంటది, దొబ్బితె తెరుసుకోవాలె. తెరుసుకోలె. తుడిచే కట్టెతోని కొట్టిన. మొత్తుకున్న. గంత దొడ్డు గోడల నుంచి ఎవరికి ఇనబడతది? డబ్బాల కోసం ఎవరో వచ్చి తెరిసెదాంక ఆడనె ఉన్న. ఎంతసేపో తెల్వదు. ఎండల నిలబడ్డంక కూడ నా పండ్లు టకటక కొట్టుకుంటనె ఉండె. సూపర్వైజరుకు చెప్తె, "పిడి మంచిగనె ఉన్నది, నీకె బలం లేదు, ఇంకో రెండు ముద్దలు తిని రా" అని నవ్విండు. మల్ల చెప్పలె.

ఆ దినం సంది నేను ఒక కట్టె ముక్క సంపాదించుకున్న. డబ్బాల కింద పెట్టే పలకల నుంచి విరిగింది. నాలుగో రూము తుడిచేటప్పుడు దాన్ని తలుపు సందుల పెట్టి, తలుపు తెరిసె ఉంచి తుడిచేదాన్ని. పగటీలి అందరు బువ్వ తిని బయట కూసున్న యాల్ల. తలుపు తెరిసుంటె మోగే గంట ఎన్నడో చెడిపోయింది. ఎవరు సూడలె. గట్లనె ఏండ్లు నడిసినయ్.

ఒక ఎండాకాలం ఆడికి ఒక పిల్ల వచ్చింది. కంప్యూటరు మేడం. ఆంధ్ర దిక్కు పిల్ల, శంషాబాద్‌ల కిరాయికి ఉండె. నన్ను అమ్మా అనెటిది. నన్ను ఆడ ఎవరూ గట్ల పిలువలె. ప్రతి రూముల గోడకు చిన్న డబ్బి ఉంటది, లోపట ఎంత చల్లగున్నదో అంకెల సూపిచ్చి, ఆఫీసు కంప్యూటరుకు సుత పంపుతది. ఆ పంపే కోడ్ శానా పాతది. ఒకలు రాసింది ఇంకొకలు దిద్ది, దాని మీద మరొకలు అతికి, ఎవరికీ సమజ్ గాకుంట అయిందట. దాన్ని విప్పి మల్ల సర్దుడు ఈ పిల్ల పని.

చాయ్ తాగుకుంట నాకు చెప్పింది ఒకసారి. నాకు చెప్పాల్సిన అవసరమేంది? ఏం లేదు. అయినా చెప్పింది. రెండు తీర్ల సంగతులు పోతుంటయట. రూము ఎంత చల్లగున్నదన్న లెక్క ఒకటి, మెట్రిక్ అంటరట. డబ్బా ఎప్పుడొచ్చింది, ఏ తలుపు దాటింది, ఏడ ఎంతసేపు ఆగింది, దాని జాడంత ఇంకొకటి, అది ట్రేస్. పాత కోడ్‌ల రెండూ ఒక్క మూటనె. అన్నం గిన్నె, తడి బట్టలు ఒక్కకాడ కట్టినట్టు. పొద్దటి లారీల డబ్బాల జాడలు పగటీలి దాక కుప్పబడితె, రూము లెక్క ఎనుకనె చిక్కుకుంటది. అప్పుడు పాత కోడ్ ఏం చేస్తదంటె, ముందు వచ్చిన అంకెనె మల్ల పంపుతది. మల్ల గదే. మల్ల గదే. సూసేటోనికి అంత మంచిగనె అవుపడతది.

"నేను రెండు మూటలు విడదీస్తున్నానమ్మా. జవాబు రాకపోతే రాలేదనే చెప్తుంది. పాతది తిప్పి చెప్పదు," అన్నది. కండ్లు మెరిసినయ్. తన సొంతంగ చేస్తున్న మొదటి పెద్ద పనట.

కొత్త కోడ్ పెట్టినంక పాతది తియ్యలె. కొన్ని దినాలు రెండూ పక్కపక్కన నడవాలె, రెండు చెప్పేది ఒకటేనా కాదా సూడాలె. తేడా వస్తె ఎట్ల? మూడో సాక్ష్యం ఒకటి కావాలె అన్నది ఆ పిల్ల. ఒక మనిషి గంటకొకసారి రూముల పోయి, గోడ మీది అంకె కండ్లతోని సూసి రిజిస్టర్ల రాయాలె. నాలుగు రూములల్ల రోజూ తిరిగేది నేనె. అంకెలు బస్సుల మీద సూసి నేర్చుకున్న. నన్నె అడిగింది.

నేను చీర కొంగు కప్పుకొని రూములకు పోతుంటె సూసి, ఆ పిల్ల తన ఒంటి మీది స్వెటర్ ఇడిసి ఇచ్చింది. నీలం రంగు. మోసేటోళ్ళు ఎక్కిరించిన్రు. "ఏందక్కా, చెవుల పెన్ను, మీద స్వెటర్, ఇగ మా హాజరు సుత నువ్వె వేస్తవా?" అంటె, "వేస్త, ముందుగాల నీ గైర్హాజరె వేస్త" అన్న. నవ్విన. మా ఆయన పోయినంక ఆడ నేను నవ్వింది ఆ దినమె కావచ్చు.

ఆ దినమె పగటీలి నాలుగో రూము తుడుస్తున్న. కట్టె ముక్క తలుపు సందుల ఉన్నది. గంట అయింది, అంకె రాయాలె అని తలెత్తిన. నాలుగు ఉండాలె, ఎనిమిది దాటితె మందు ఖరాబె. తొమ్మిది ఉన్నది.

ఏండ్ల సంది ఆ రూము తుడుస్తున్న, గోడ దిక్కు ఎన్నడూ సూడలె. సూసుడు నా పని గాదు అనుకున్న. ఇప్పుడు సూస్తె నా కట్టె ముక్క ఏం చేస్తున్నదో ఎదురుంగ కనబడ్డది. నా ఎనుక సూదుల సీసాల డబ్బాలు నెత్తి దాక ఉన్నయ్.

నాలుగు అని రాసిన.

పెన్ను చెవి ఎనుక పెట్టుకొని మల్ల తుడిచిన. తెల్లారి సుత నాలుగు. దాని తెల్లారి సుత. కట్టె పెట్టుడన్న ఆపొచ్చు గద? తలుపు పడితె పానం పోతదని ఒక భయం, తొమ్మిది రాస్తె ఎందుకని అడుగుతరు, కట్టె బయటపడతది, నౌకరి పోతదని ఒక భయం. మరి పిడి ఖరాబైందని ఆ పిల్లకన్న చెప్పొచ్చు గద? అమ్మా అని పిలిచే పిల్ల, చెప్తె ఇనేది. ఎందుకు చెప్పలె? శానాసార్లు నన్ను నేను అడిగిన. ఆ పిల్ల కండ్లల్ల నేను మంచిదాన్ని. అది పోగొట్టుకోబుద్ధి గాలె. ఎంత సిగ్గు తప్పిన కారణమో సూడు.

ఇగ వారం తిరగకముందె తేడా తేలింది. మూడు రూములల్ల రెండు కోడ్‌లు ఒకటె మాట. నాలుగో రూముకాడ, పాత కోడ్ నాలుగు అంటది, కొత్తది పగటీలి తొమ్మిది అంటది. నా రిజిస్టర్ల నాలుగు. మేనేజరు సారు ఆఫీసుకు పిలిపించిండు. ఆ పిల్ల నిలబడి ఉన్నది, చేతుల నా రిజిస్టర్.

"అమ్మా, మీరు లోపలికి వెళ్ళి చూసే రాశారు కదా?"

"అవ్ మేడం. నా కండ్లతోని సూసి రాసిన."

"మధ్యాహ్నం కూడా? ఒక్కసారైనా నాలుగు దాటి కనపడలేదా?"

"నాలుగె మేడం. నాకు అచ్చరాలు రావు గని నాలుగు రాదా?"

"తప్పు పట్టడం లేదమ్మా. పొరపాటున పైన ఉన్నదే మళ్ళీ కింద రాశారేమోనని..."

మేనేజరు సారు నవ్విండు. "ఇడిసిపెట్టున్రి మేడం. ఆమెకు సంతకమె సక్కగ రాదు, అబద్ధం రాసే తెలివి ఏడికెల్లి వస్తది? తెలివి మీ కోడ్‌కె ఎక్కువైనట్టున్నది."

ఆ మాట ఇన్నవా? గా మాటనె నన్ను బతికిచ్చింది. చదువు రానిదాన్ని గనక నిజాయితీదాన్ని. నాకు బుర్ర లేదన్నడు, నేను తల దించుకొని అవ్ అన్నట్టు నిలబడ్డ. గసొంటి అవమానం ఇంకోసారి అయితె ఏడుస్తుంటి. గా దినం లోపల్లోపల సంబురపడ్డ.

తెల్లారి ఆ పిల్ల తనె వచ్చింది, చేతుల చిన్న కొలిచే మిషన్ పట్టుకొని. పగటీలి నాతోనె నాలుగో రూముకు వచ్చింది. ఆ దినం నేను కట్టె పెట్టలె. తలుపు మూసుకున్నది. లోపట ఇద్దరమె. నేల తుడిచిన, తుడిచిందె తుడిచిన. గోడ మీద నాలుగు. ఆమె చేతుల నాలుగు. ఆఫీసుల కొత్త కోడ్ సుత నాలుగె సూపిచ్చిందట ఆ దినం. తిరిగి పోయేటప్పుడు తలుపు పిడి దొబ్బింది, రాలె. ఇద్దరం భుజాలు పెట్టి దొబ్బితె తెరుసుకున్నది. బయట గోడకు నా కట్టె ముక్క ఆనిచ్చి ఉండె. "ఇదేంటమ్మా?" అన్నది. "విరిగిన పలక మేడం, పారేసేది" అన్న. దాని దిక్కు సూసింది. నా దిక్కు సూసింది. ఏమన్న అనుకున్నదా? అనుకుంటె ఎందుకు అడగలె? ఇప్పటికి నాకు తెల్వదు.

ఆ తెల్లారి మల్ల కట్టె పెట్టిన. కొత్త కోడ్ మల్ల తొమ్మిది అన్నది. ఇగ సారు ఖరాఖండిగ చెప్పిండట: మీరు దగ్గరుంటె ఒక మాట, లేకుంటె ఒక మాట చెప్పే కోడ్ మాకు వద్దు. పాతదె ఉంచిన్రు. ఆ పిల్లను రావద్దన్నరు. సంచి సర్దుకుంటుంటె నేను స్వెటర్ ఇడిసి ఇయ్యబోయిన. "ఉంచుకోండమ్మా, మీరింకా ఆ గదుల్లోకి వెళ్ళాలి కదా," అన్నది. కండ్లు ఉబ్బి ఉన్నయ్. గేటు కాడ ఆటో ఎక్కెదాంక సూసిన. పిలిస్తె ఇనబడేంత దూరమె. పిలువలె.

కొన్ని నెలలకు కొన్ని డబ్బాలు వాపస్ వచ్చినయ్. మందు చెడిపోయిందట. అవి మా నాలుగో రూములకెల్లి పోయినవె. సార్లు కంప్యూటర్ల పాత కోడ్ గీసిన గీత సూసిన్రు, నాలుగుకాడ తిన్నగ ఉన్నది. నా రిజిస్టర్ తీసిన్రు, అన్ని నాలుగులె. మా తప్పు లేదు, తొవ్వల ఏడనో చెడిపోయింది అని రాసి పంపిన్రు. వాపస్ రాని డబ్బాలు ఎవరి ఇంటికి పోయినయ్? ఆ సూది ఏ పసిపిల్లకు ఇచ్చిన్రు, పని చేసిందా, చేయలేదా? ఈ సంగతి ఆలోచన జేస్తె బువ్వ దిగదు. అయినా తిన్న. ఏండ్ల కొద్ది తిన్న.

ఆ పాత కోడ్‌ను అందరు తిడుతుంటె ఇనేదాన్ని. ముందు చెప్పిందె మల్ల చెప్తదని. నేను చేసిందేంది? అదన్న మిషిని. ఎట్ల రాస్తె గట్ల చేసింది. నన్ను ఎవరు రాసిన్రు గట్ల?

మోకాళ్ళు పట్టుకపోయి పోయినేడు పని మానేసిన. మొన్న చలికి పెట్టె తెరిసి స్వెటర్ తీస్తె, మోచేతి కాడ పురుగు కొట్టి ఉన్నది. కుట్టిద్దామని ఈ మిషన్ కుట్టేటామె దగ్గరికి తెచ్చిన. "ఇది నీ కొలత గాదు గదక్కా, ఎవరిది?" అన్నది. ఊకె అడిగింది. స్వెటర్ ఆడనె ఇడిసి ఇంటికి పోయిన. రెండు దినాలు బయటికి రాలె. ఇయ్యాల వచ్చి, పెన్ను తియ్యి, రాయి అన్న.

ఈమె రాసుడు ఆపి నా దిక్కు సూస్తున్నది. సూడకు, రాయి.

మాఫీ అడుగుతలేను. అడగాల్సిన పిల్ల ఏడున్నదో తెల్వదు, ఉన్నా ఏ మొఖంతోని అడగాలె? తను చేసిన పని తప్పు అనుకొని బతుకుతున్నదేమొ. తన చేతుల మీద తనకె నమ్మకం పోయిందేమొ. ఎన్నడన్న ఇది తన కంట్ల పడితె, నీలం స్వెటర్ అంటె గుర్తు పడతది. బిడ్డా, నీ కోడ్ మంచిగనె చెప్పింది. నీ పని మంచిగనె ఉండె. అబద్ధం చెప్పింది నేను.

చెప్పినంక బరువు తగ్గిందా? తగ్గలె. గని గొంతుల ఉన్నది జర కదిలినట్టున్నది. ఇంకొక్కటి రాయి, గంతె. ఆ ఎండాకాలం, నాలుగో రూముల, పగటీలి, నేను కండ్లతోని సూసిన అంకె. పెద్దగ రాయి, అచ్చరాలల్ల గాదు, నాకు చదవచ్చేటట్టు రాయి.

9.