గుడ్డుపెంకుల తల, క్యాసెట్ టేపు జుట్టు

2004 జూన్‌లో నన్ను పుదుచ్చేరి పట్టణంలోని బడి నుంచి విల్లియనూరు దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాలకు బదిలీ చేశారు. హోదా డ్రాయింగ్ మాస్టరు, రెండో గ్రేడు. ఈ హోదా సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. లెక్కల టీచరు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చునేది డ్రాయింగ్ మాస్టరు. అధికారులు వస్తున్నారంటే స్వాగతం బోర్డు రాసేదీ ఆయనే. మిగిలిన సమయంలో బొమ్మలు నేర్పవచ్చు. పద్దెనిమిదేళ్ళ సర్వీసుతో నన్ను నేను పెద్ద కళాకారుడిననుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం స్టాఫ్‌రూంలో ఇంకెవరికీ లేదు.

మరుసటి జనవరిలో పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. పారేసే వస్తువులను అట్టమీద అతికించి, పిల్లలు తమకు తెలిసిన మనిషి ముఖం చేయాలి. వేలితో తడిమితే గరుకూ నునుపూ తెలియాలి. ఎంపికైనవారికి వేసవిలో చెన్నైలో పది రోజుల శిబిరం. నాలుగో నిబంధన ప్రకారం ఉపాధ్యాయుడు నోటితో చెప్పవచ్చు, చేయి మాత్రం పెట్టకూడదు. దీన్ని నేనే క్లాసులో రెండుసార్లు గట్టిగా చదివి వినిపించాను.

పిల్లలు గోనెసంచులు, కొబ్బరిపీచు, తెగిన చెప్పులు, ఎండిన బీరపీచు పోగుచేశారు. ముందు బొగ్గుతో గీత, తర్వాత పెద్ద ముక్కలు, చివర కళ్ళూ పెదాలూ. అతికించడానికి మైదాపిండి ఉడకేసిన జిగురు, సినిమా పోస్టర్లకు వాడేదే. తెల్ల గమ్ము ఏడాదికి ఒక్క డబ్బా వచ్చేది. అది నా బీరువాలో, తాళంచెవి నా జేబులో.

ఏడో తరగతి కోమల వాళ్ళది వంకాయతోట. మాలాగే తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. బడిలో అందరూ తమిళం మాట్లాడినా, నాతో మాత్రం ఇంటి భాషే మాట్లాడేది. "సార్, సెలెక్ట్ అయితేనే మెడ్రాసుకు పంపిస్తానన్నాడు మా నాయన. లేదంటే లీవంతా తోటలోనే. నేను ఇంతవరకూ యాడికీ పోలేదు సార్," అంది ఒకరోజు. ఆ పది రోజుల కోసం ఆ పిల్ల ఎంత ఆశపడుతోందో నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను కాబట్టి ఈ మాట ముందే రాస్తున్నాను.

మిగతావాళ్ళు సినిమా హీరోలను చేస్తే, కోమల నన్ను చేసింది. గోనెగుడ్డ ముఖం, చెప్పు అట్టతో చెవులు, అరిగిన బ్రష్షు కుచ్చుతో మీసం. తలకు కోడిగుడ్డు పెంకులు. వాటిని కడిగి, లోపలి పొర తీసి, జిగురుమీద పెట్టి బొటనవేలితో నొక్కితే సన్నగా పగిలి పరుచుకుంటాయి. అంత నునుపైన పని క్లాసులో మరెవరూ చేయలేదు. ప్యూన్ దాన్ని చూసి నమస్కారం పెట్టాడు. హెడ్మాస్టరు నవ్వి నవ్వి కళ్ళజోడు తుడుచుకున్నారు.

నా జుట్టు రాజీనామా ఇచ్చి ఏళ్ళయినా, జేబులో దువ్వెన ఇంకా సర్వీసులోనే ఉండేది. ఆ సాయంత్రం బడి వదిలాక బొమ్మ ముందు కూర్చుని కళాదృష్టితో ఆలోచించాను. పైభాగం తేలిపోయింది, కొంచెం నలుపు పడితే బరువు కుదురుతుంది అనిపించింది. అమ్మాయి గెలుపు కోసమే కదా అని కూడా అనుకున్నాను. బీరువా తీశాను. పాత క్యాసెట్ టేపు సన్నగా కత్తిరించి తెల్ల గమ్ముతో అతికించాను. ఎడమవైపు పెట్టాక కుడివైపు పలచగా కనిపించింది. అది సరిచేశాక పాపిడి కావాలనిపించింది. లేచేసరికి ఆ అట్టమీద ఇరవై ఐదేళ్ళ యువకుడున్నాడు. మర్నాడు పొద్దున్నే బొమ్మలు కట్టకట్టి పట్టణానికి పంపాను.

ఎంపిక రోజున పిల్లలను తీసుకుని పట్టణంలోని హాలుకు వెళ్ళాను. అక్కడ న్యాయనిర్ణేతగా వచ్చినావిడ శిల్పం నేర్పి రిటైరైన టీచరు. మిగతా బడుల బొమ్మలన్నీ చూసి కోమల బొమ్మ దగ్గరే ఆగింది. వేలితో చెవులు తడిమి మెచ్చుకుంది. తర్వాత పక్కకు వంగి చూసింది. మైదా జిగురు ఆరితే మసకగా ఉంటుంది, తెల్ల గమ్ము మెరుస్తుంది. నేనే పిల్లలకు చెప్పిన పాఠం అది. జుట్టు నువ్వే పెట్టావా అని ఆవిడ కోమలను తమిళంలో అడిగింది.

కోమల ఆ జుట్టును అప్పుడే మొదటిసారి చూసింది. అవునంటే చెన్నై. నా వైపు చూసింది. నేను, పిల్లలకు మంచీచెడూ నేర్పడానికి జీతం తీసుకునేవాణ్ణి, ఔనను అన్నట్టు తల ఊపాను.

"నేను పెట్టలేదు మేడమ్," అని తమిళంలో చెప్పి, నా వైపు తిరిగింది. "ఇదేంది సార్! మీకు యాడుంది జుట్టు? ఎందుకు అతికిస్తిరి?"

భాష అర్థం కానివాళ్ళు కూడా బొమ్మనూ నన్నూ మార్చిమార్చి చూసి నవ్వారు. నేనే అతికించానని అప్పుడు ఒప్పుకున్నాను. ఆ జుట్టు లేకపోతే ఈ హాల్లో మొదటిది ఇదే అయ్యేదని, నిబంధన ప్రకారం ఈ బొమ్మను పోటీ నుంచి తీసేయక తప్పదని ఆవిడ చెప్పింది. నేను బతిమాలాను. ఆవిడ వినలేదు, వినకపోవడమే న్యాయం.

కోమల అట్ట తీసుకుని వరండాలో కూర్చుని టేపు పీకడం మొదలుపెట్టింది. తెల్ల గమ్ము గట్టిది. ఒక్కో పోగుతో పాటు పెంకులూ ఊడి వచ్చాయి. సాయం చేద్దామని పక్కన కూర్చుని చేయి చాపాను. అట్టను అటువైపుకు జరుపుకుంది.

"మీరు తాకొద్దు సార్," అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ వేసవి లీవంతా ఆ పిల్ల తోటలోనే ఉంది. తర్వాత పదమూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ పదమూడేళ్ళలో ఏ పిల్ల అట్టమీదా చేయి పెట్టలేదు. తప్పు కనిపిస్తే నోటితో చెప్పాను, లేదా చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్ళాను. నా పిల్లల బొమ్మలు మునుపటికన్నా బాగుపడ్డాయి. నేను తగ్గినకొద్దీ అవి బాగుపడ్డాయని, అది నేర్చుకోవడానికి నా మీద ఖర్చయింది ఒక పిల్ల పది రోజులని, నా సర్వీసు రికార్డులో ఎక్కడా లేదు కాబట్టి ఇక్కడ రాశాను.