తొట్టి దగ్గర మీటరమ్మ

మా పెద్దమ్మను ఫ్యాక్టరీలో అందరూ మీటరమ్మ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, నాకు తప్ప. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే కాబట్టి ఆ మాత్రం చనువు నాకుంది.

మా ఫ్యాక్టరీలో రొయ్య పొట్టు నుంచి కైటోసాన్ తీస్తారు. పొట్టును ముందు యాసిడ్‌లో, తర్వాత కాగే కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే చివరికి తెల్లటి పలుకులు మిగులుతాయి. కాస్టిక్ పూర్తిగా పోయేదాకా వాటిని తొట్టిలో కడిగించడం పెద్దమ్మ పని. ఎన్నిసార్లు కడిగితే పోతుందో ఏ రోజుకారోజు చూసుకోవాల్సిందే. మిగతా తొట్ల దగ్గరివాళ్లు రంగు కాగితం ముంచి, అది రంగు మారుతుందేమో చూసేవారు. ఆవిడ కుడిచేతి గ్లౌజు తీసి, చిటికెడు పలుకులు రెండు వేళ్ల మధ్య నలిపేది. సబ్బులా జారితే ఇంకోసారి నీళ్లు పొయ్యమనేది. జారకపోతే "కట్టెయ్యండి" అనేది. పంపు ఆగేది. తర్వాత నమూనా నా దగ్గరికి, టెస్టింగ్ రూంకి వచ్చేది. పదకొండేళ్లలో ఆవిడ తొట్టి నమూనా ఒక్కటీ నేను వెనక్కి పంపలేదు. అందుకు లోలోపల కుళ్లుకున్నాను కూడా. అంత చదువూ చదివి నేను మిషను బటన్లు నొక్కుతుంటే, ఆవిడ రెండు వేళ్లతో తేల్చి పారేసేది.

ఒకసారి మేనేజరు గారు తొట్ల షెడ్డుకొచ్చి, ఈ కైటోసాన్‌తో పల్చటి పొర చేసి కాలిన గాయాల మీద పరుస్తారని, పందిరి మీదికి తీగ పాకినట్టు దాని మీదుగా కొత్త చర్మం పాకుతుందని చెప్పారు. అందరూ తలలూపారు. పెద్దమ్మ మాత్రం, "పచ్చి పుండు మీదేనా అండీ?" అని అడిగింది.

"అవునమ్మా."

"కాస్టిక్ మిగిలిపోతే?"

"మీరున్నారుగా, ఎందుకు మిగులుతుంది?" అని ఆయన నవ్వేశారు. ఆ నవ్వు ఆవిడకు నచ్చలేదు. మా అమ్మ పోయింది కాలిన గాయాలతోనే. ఆ ఇరవై రోజులూ కట్లు మార్చింది పెద్దమ్మే. మేనేజరు మాట విన్నప్పటి నుంచి, ఒకసారి చూసే తొట్టిని రెండుసార్లు చూడటం మొదలుపెట్టింది.

కిందటేడు నుంచి ఇంట్లో కూరల్లో ఉప్పు గతి తప్పింది. ఒకరోజు చప్పిడి, మర్నాడు నోట పెట్టలేనంత. నేను ఊరుకునే రకాన్ని కాదు. "షెడ్డులో అంత మీటరువి, వంటింట్లో ఏం రోగం?" అని ఎత్తిపొడిచేదాన్ని. "రేపట్నుంచి నువ్వే వండు తల్లీ, తిని పెడతా" అనేది. పెదాలు ఎప్పుడూ పగిలి ఉండేవి. అడిగితే గాలి పడటం లేదనేది.

ఒక సాయంత్రం ఆవిడ స్టవ్ మీది గిన్నెను ఉత్త చేత్తో దించి, తాపీగా బల్ల మీద పెట్టింది. నేను కెవ్వుమన్నాను. వేళ్ల కొసలు బొబ్బలెక్కుతున్నాయి. ఆవిడ వాటిని ఎవరివో అన్నట్టు చూసింది.

"మంట లేదా?"

"లేదే."

"ఎప్పట్నుంచి?"

"ఏడాది పైనే. చెప్తే గేటు దగ్గర స్టూలేసి, లారీల నంబర్లు రాసుకోమంటారు. నావల్ల కాదే. ఎవరికీ చెప్పకు."

"రంగు కాగితం అడగొచ్చుగా?"

"నేను కాగితం అడిగిన రోజే అందరికీ తెలిసిపోతుంది."

కట్టు కడుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. వేళ్లకు స్పర్శ పోయి ఏడాదైతే, ఈ ఏడాదంతా నమూనాలు సరిగ్గా ఎలా వచ్చాయి?

మర్నాడు నా పని వదిలేసి షెడ్డులో డ్రమ్ముల వెనక నిలబడ్డాను. కుడిచేతికి కట్టుంది కాబట్టి పెద్దమ్మ ఎడమ చేత్తో పలుకులు తీసి, అందరికీ కనబడేలా నలిపింది. తర్వాత గోడవైపు తిరిగి వాటిని నాలుక కొస మీద పెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఉమ్మేసి, "ఇంకోసారి పొయ్యండి" అని కేకేసింది. మళ్లీ కడిగారు. మళ్లీ నాలుక మీద పెట్టుకుంది. నాలుగోసారికి "కట్టెయ్యండి" అంది.

కూరలో ఉప్పు ఎందుకు గతి తప్పిందో అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. వెళ్లి మిషను ముందు కూర్చున్నాను. నమూనా వచ్చింది. సరిగ్గానే ఉంది, సరిగ్గా ఉందనే రాశాను. ఆ తొట్టి ఆవిడకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. తెలిసే లేచాను. సూపర్‌వైజరు గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సోమవారం నుంచి పెద్దమ్మను గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ తొట్టికి రంగు కాగితాల డబ్బా ఒకటి తాడుతో కట్టారు. సాయంత్రం ఒకే బస్సులో ఇంటికొచ్చాం. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇవాళ ఇరవై మూడు లారీలు" అంది, అంతే.

వంట ఆవిడే చేసింది. పొయ్యి కట్టేసే ముందు గరిటెతో కాస్త కూర నా అరచేతిలో వేసి, "ఉప్పు సరిపోయిందేమో చూడవే" అంది. ఇన్నేళ్లలో ఆ మాట నన్ను అడగడం అదే మొదటిసారి. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. నాలుక మీద పెట్టుకున్నాను. గొంతు దిగనంత ఉప్పు.

టెస్టింగ్ రూంలో నేను ఏనాడూ తప్పుడు రిపోర్టు రాయలేదు.

"సరిపోయింది పెద్దమ్మా" అని కంచం ముందుకు జరిపాను.