చెట్టు దిగిన సూపర్‌వైజర్

మొన్న రంజాన్ నెలలో జగిత్యాల బజారు నుంచి మా ఆవిడ ఖర్జూరాల డబ్బా ఒకటి తెచ్చి, మీ సౌదీవేనట చూడు అంటూ చేతిలో పెట్టింది. మూత మీద నేను పనిచేసిన హుఫూఫ్ పేరు చూడగానే నోరంతా చేదైపోయింది. ఒక్కటీ తినలేదు. గల్ఫ్‌లో వయసు కరగబెట్టుకుని వచ్చిన నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మనకు కొన్ని తీపి వస్తువులు అట్లా తయారవుతాయి.

మాది గీత వృత్తి. తాత, నాయన ఈత చెట్లెక్కి కల్లు దింపి బతికినవాళ్లే. చెట్టెక్కే ఆ మోకు, ఆ ముస్తాదు నాకొద్దనుకునే వీసా కొనుక్కుని విమానమెక్కితే, నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ముసలాయన నన్ను తీసుకెళ్లి నిలబెట్టింది ఖర్జూర తోటలో! ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ తోట ముసలాయన తాత కాలం నాటిది. ఊట నీళ్లు వాటంతట అవే కాలువల్లో పారిన రోజుల్లో ఆయన తాత నాటిన చెట్లు తోట నడిమధ్యన ఉండేవి. ఒక మూల మట్టిగోడల గది, దాని నేల పొడవునా గాడులు. ఆ గదిలో ఖర్జూరాల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి తలుపు మూస్తే, తమ బరువుకు తామే నలిగి, పాకం ఆ గాడుల వెంట మెల్లగా తొట్టిలోకి దిగేది. దాన్ని దిబ్స్ అంటారు. ముసలాయన ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాడు. మా ఊళ్లో ఇట్లాంటి చెట్టుకే మెడ దగ్గర గీసి, కారిన రసం పులిశాక తాగుతామని నేనొకసారి చెబితే, అస్తగ్‌ఫిరుల్లా, దేవుడా క్షమించు అని చెవులు మూసుకుని, ఆ తర్వాత వారం రోజులు వచ్చిన చుట్టానికల్లా ఆ సంగతే చెప్పి నవ్వాడు.

ఖర్జూరంలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గాలిని నమ్ముకుంటే కాపు రాదు. చలి తగ్గగానే మగ చెట్టు పూత రెమ్మలు కోసి, ఒక్కో ఆడ చెట్టూ ఎక్కి, దాని పూగుత్తుల నడుమ దోపి కట్టి రావాలి. తాత చెట్లు బాగా ఎత్తు పెరిగి వంకర తిరిగినవి కావడంతో కొడుకులు వాటి దరికే పోయేవారు కాదు, తోటలోని బంగ్లాదేశీయులు జంకేవారు. నేనెక్కేవాణ్ణి. నేను దిగేదాకా ముసలాయన తలెత్తి చూస్తూ కింద కదలకుండా నిలబడేవాడు.

మా బావమరిది దమ్మామ్‌లో ఏసీ మెకానిక్కు. శుక్రవారాలు చూడవచ్చినప్పుడల్లా ఎత్తిపొడిచేవాడు.

"గల్ఫ్‌కొచ్చి గూడ చెట్లే ఎక్కవడితివా బావా? ఊర్ల ఏమని చెప్పుకోవాలె?"

ఆ మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. అక్కడ ఉండనిచ్చే నా ఇకామా కార్డు మీద వ్యవసాయ కూలీ అనే ఉండేది మరి. అప్పుడే ముసలాయన పెద్ద కొడుకు ఖర్జూరాలు డబ్బాల్లో పెట్టి అమ్మే కంపెనీ తెరిచాడు. నేను అతని వెంటపడి బతిమాలి, నా పేరును తోట మీది నుంచి కంపెనీ మీదికి, కూలీ నుంచి సూపర్‌వైజర్‌కు మార్పించుకున్నాను. ముసలాయన వద్దన్నాడు, తోట కాగితం మీద ఉంటేనే నీకు క్షేమమని నచ్చజెప్పాడు. నేను వింటేగా! చేసే పని అదే, ఎక్కే చెట్లు అవే, కొత్త ఇకామా ఫోటో మాత్రం ఊళ్లో అందరికీ పంపాను.

రెండేళ్లు తిరగకుండానే, సౌదీలకే కొలువులన్న నితాకత్ చట్టం కంపెనీ మెడకు చుట్టుకుంది. సౌదీలు ఇంతమంది ఉండాలన్న షరతు కుదరక అది సర్కారు ఎరుపు జాబితాలో పడింది, పైగా కంపెనీ కింద ఉన్న ప్రతి పరాయి దేశంవాడికీ లెవీ పన్ను వచ్చిపడింది. తోట కాగితం మీద ఉన్న బంగ్లాదేశీయుల జోలికి ఎవరూ రాలేదు. నా ఇకామా రెన్యువల్ ఆగిపోయింది, తిరిగి తోట మీదికి మారే దారి దొరకలేదు. పెద్ద కొడుకు నాకు దేశం విడిచిపొమ్మని ఎగ్జిట్ కొట్టించాడు. సరిగ్గా ఆడ చెట్లు పూత విచ్చే వారం.

ముసలాయన గేటు దాకా వచ్చాడు. తిట్టినా బాగుండేది.

"కాగజ్ మే తుమ్ బడా ఆద్మీ," అన్నాడు తనకొచ్చిన ఉర్దూలో. "మేరా దాదా కా పేడ్ పే అబ్ కౌన్ చడేగా?"

కాగితం మీద పెద్దవాడివైపోయావు, మా తాత చెట్లు ఇకెవరెక్కుతారని. నేను బ్యాగు భుజాన వేసుకుని కారెక్కాను.

ఆ ఏడు తాత చెట్లకు పూత కట్టినవాడు లేడు. గింజ పట్టని పిందెలు పండకుండానే రాలిపోయాయని, ముసలాయన రోజూ వాటి కింద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడని బంగ్లాదేశీయుడొకడు ఫోన్లో చెప్పాడు. మరుసటి కాపు చూడకుండానే ఆయన పోయాడు. కొడుకులు ఆ చెట్లు కొట్టించి స్విమ్మింగ్ పూల్ కట్టించారట, సెలవు రోజుల్లో అద్దెకిస్తున్నారట, పాకం గదిలో నీళ్ల మోటారు బిగించారట. ఒక్క కూలీ పోతే నాలుగు తరాల తోట పోతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కాలం మారింది, ఎట్లాగూ పోయేదేనేమో. కానీ ఆ ఒక్క కాపు నిలబెట్టి ఉంటే ముసలాయన కాయలున్న చెట్లను చూస్తూ పోయేవాడు, అది నా చేతిలో పనే.

ఇప్పుడు మా ఊళ్లోనూ చెట్లెక్కేవాళ్లు కరువయ్యారు. నలుగురం కూర్చుంటే మావాళ్లు నా తరఫున నితాకత్‌ను తిట్టిపోస్తారు, బావమరిది అందరికంటే గట్టిగా తిడతాడు. ఆ సూపర్‌వైజర్ పని నా పనితనం మెచ్చి యజమానే ఇచ్చాడనే వాళ్ల నమ్మకం. బతిమాలి తెచ్చుకున్నానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాళ్లు తిడుతుంటే నేనూ తలూపుతాను.